రుణ సంఖ్యలు: బ్రహ్మగుప్తుడి అప్పు, కృష్ణ దైవజ్ఞుడి కాశీ దారి

ప్రాచీన భారత గణితం గురించి రాయమంటే చాలామంది అభ్యర్థులు ఆర్యభట్ట, సున్నా, దశాంశ పద్ధతి దగ్గరే ఆగిపోతారు. రుణ సంఖ్యల కూడికకు, తీసివేతకు నియమాలిచ్చిన బ్రహ్మగుప్తుడికి ఒక్క వాక్యం కూడా దక్కదు.

క్రీ.శ. 628లో భిల్లమాలలో (నేటి రాజస్థాన్‌లోని భీన్మాల్) ఆయన బ్రాహ్మస్ఫుటసిద్ధాంతం రచించాడు. అందులోని 18వ అధ్యాయంలో ఈ నియమాలున్నాయి. ధనం అంటే ఆస్తి, రుణం అంటే అప్పు. రెండు అప్పులు కలిస్తే అప్పే. ఆస్తి, అప్పు కలిస్తే వాటి తేడా మిగులుతుంది, సమానమైతే సున్నా. మన తెలుగు పాఠ్యపుస్తకాల్లోని ధన, రుణ సంఖ్యలు ఈ మాటలే.

అసలు చిక్కు తీసివేతలో వస్తుంది. 5 నుంచి –3 తీసేస్తే 8 ఎలా అవుతుంది? ఒక రైతు చేతిలో 8 వేలున్నాయి, 3 వేల అప్పుంది అనుకుందాం. నికరంగా అతనికున్నది 5 వేలు. రుణమాఫీ జరిగి ఆ అప్పు పోతే 8 వేలూ అతనివే. మైనస్, మైనస్ ప్లస్ అని బట్టీ పట్టేకంటే ఇది నయం.

అయితే ప్రతి లెక్కా డబ్బు లెక్క కాదు. భాస్కరాచార్యుడి బీజగణితానికి 1600 ప్రాంతంలో బీజపల్లవమనే వ్యాఖ్య రాసిన కృష్ణ దైవజ్ఞుడు, రుణత్వం దేశంలో, కాలంలో, వస్తువులో కూడా ఉంటుందన్నాడు. దేశం అంటే ఇక్కడ చోటు, దిక్కు. కాశీకి తూర్పున 15 యోజనాల్లో పాటలీపుత్రం, పడమర 8 యోజనాల్లో ప్రయాగ. తూర్పు ధనమైతే పడమర రుణం. రెండు ఊళ్ల మధ్య దూరం కావాలంటే 15 నుంచి –8 తీసేయాలి, కానీ వచ్చేది 23. ఒక గీత గీసి మూడు ఊళ్లూ గుర్తిస్తే చాలు, ఇంకెవరూ చెప్పనక్కర్లేదు. ఇంగ్లండులో జాన్ వాలిస్ ఇలాంటి గీత మీద రుణ సంఖ్యలను వివరించింది 1685లో.

ఒక జాగ్రత్త. 'ప్రపంచంలో మొదట' అని జవాబులో రాయకండి. 263లోనే చైనాలో ల్యూ హుయ్ ధన సంఖ్యలకు ఎర్ర పుల్లలు, రుణ సంఖ్యలకు నల్ల పుల్లలు వాడమన్నాడు. సున్నాను కూడా కలుపుకొని నియమాలను వరుసగా చెప్పడం బ్రహ్మగుప్తుడి ఘనత. యూరప్‌లో మాత్రం 1758లో కూడా ఫ్రాన్సిస్ మాసెరెస్ రుణ సంఖ్యలు అర్థం లేనివంటూ ఏకంగా పుస్తకమే రాశాడు.