విమానం రాత్రి బస చేసిన ఊరు

1932 అక్టోబరు 15న కరాచీలో తెల్లవారి బయలుదేరిన చిన్న విమానాన్ని జె.ఆర్.డి. టాటా స్వయంగా నడుపుకుంటూ అహ్మదాబాదు మీదుగా మధ్యాహ్నానికి బొంబాయి జుహూలో దించారు. పత్రికలవాళ్లు ఈ కథను ఏటా చెబుతారు, జుహూ రాగానే ఆపేస్తారు. మా బళ్లారి వంతు ఆ తర్వాతే. మద్రాసు టపా సంచులను పైలట్ నెవిల్ విన్సెంట్ ఇంకో విమానంలో వేసుకుని సాయంత్రానికి మా ఊళ్లో దిగారు. రాత్రి ఇక్కడే బస. మద్రాసు చేరింది మర్నాడు.

రైల్లో నిలబడి ఉత్తరాలు వేరుచేసి బతికినవాణ్ణి, నాకు సంచుల మీదే ధ్యాస. లండన్ టపా ఇంపీరియల్ ఎయిర్‌వేస్ విమానంలో కరాచీ దాకా వచ్చేది. అక్కణ్ణుంచి రైలెక్కితే మద్రాసుకు ఎన్ని రోజులో! ఆ ఆలస్యాన్ని తగ్గిస్తామని టాటా కంపెనీ ముందుకొచ్చింది. సర్కారు రాయితీ పైసా లేదు.

ఆ విమానం రకం పేరు పుస్ మాత్. ఒకటే ఇంజను, ఇనుప గొట్టాల చట్రం మీద గుడ్డ తొడుగు. రెక్కలు వెనక్కి మడిచి షెడ్డులో పెట్టేయొచ్చు. రేడియో లేదు. కింద రైలు పట్టాలు, ఏళ్లు, గుట్టలు చూసుకుంటూ రావాలి. మా గుట్ట, దాని మీది కోట దూరం నుంచే కనబడతాయి కాబట్టి బళ్లారిని గుర్తుపట్టడం కష్టం కాదనుకుంటాను.

ఇంతకీ బళ్లారే ఎందుకు? బొంబాయి నుంచి గీత గీస్తే ఆరువందల కిలోమీటర్లు, ఇక్కణ్ణుంచి మద్రాసుకు నాలుగువందల పైచిలుకు. ఒక మజిలీకి సరిపోయిన చోటు. పైగా మాది వానలు తక్కువ సీమ. జుహూ మైదానం వానాకాలంలో నీళ్లలో మునిగేది, అప్పుడు పుణెకు మారేవాళ్లు. మాకు ఆ బెడద తక్కువ. అయినా నల్లరేగడి నేల అంటే మాటలా? ఎండకు నెర్రెలు విచ్చుతుంది, నాలుగు చినుకులు పడితే బండిచక్రాన్ని వదలదు. విమానం చక్రాన్ని మాత్రం వదులుతుందా!

తర్వాత ఆ దారి హైదరాబాదుకు మళ్లింది. మా ఊరి గడ్డి మైదానంలో తారు లేదు, కాంక్రీటు లేదు. విమానం రాకపోతే అది మళ్లీ మామూలు నేలే. ఊళ్లో పుట్టి పెరిగిన నా కంట దాని గుర్తుగా ఏ శిలాఫలకమూ పడలేదు. 1982లో, 78 ఏళ్ల వయసులో టాటా ఆ ప్రయాణాన్ని మళ్లీ చేసి చూపించారు. అదీ బొంబాయితోనే ముగిసింది. 1942లో యుద్ధంలో పోయిన విన్సెంట్‌ను తలుచుకున్నవాళ్లు ఎందరు?

ఈమధ్య కథ తిరగబడింది. తోరణగల్లులో ఉక్కు కర్మాగారం సొంత విమానాశ్రయం కట్టుకుంది, సరే. చాగనూరు, సిరివార దగ్గర మాత్రం కొత్త విమానాశ్రయానికని రైతులు వద్దంటున్నా వందల ఎకరాల సేద్యపు భూమి తీసుకున్నారు. ఒప్పుకున్న సంస్థ కట్టలేదు. ఏళ్లు గడిచాయి. ఒకప్పుడు గడ్డినేల చాలిన ఊరికి పండే పొలాలు పోగొట్టడం నాకు మింగుడుపడదు.

బళ్లారి, ఆదోని, రాయదుర్గం వైపు పాత వ్యాపారుల, వకీళ్ల ఇళ్లలో ఇనప్పెట్టెలు ఇంకా ఉన్నాయి. 1932 నాటి విమాన టపా కవరు కనబడితే స్టాంపు కోసం కత్తిరించకండి. తేదీ ముద్రతో సహా అలాగే ఉంచి, ఊళ్లో తెలిసినవాళ్లెవరికైనా చూపించండి.