స్థలనామ డొమైన్లు: విజయవాడ, కృష్ణా డెల్టా

స్థలనామ డొమైన్ అంటే ఊరి పేరుకో పేట పేరుకో చేసే పనిని చేర్చి పెట్టుకునే వెబ్ చిరునామా. ఏసీ మరమ్మతు, ప్లంబింగ్, క్యాటరింగ్, ఇల్లు మార్పించే సర్వీసు వంటి స్థానిక వ్యాపారాలకు ఇది పనికొస్తుంది. ఎవరు, ఎక్కడ, ఏం చేస్తారో పేరులోనే తెలిసిపోతుంది.

పరిధి

సేవ ఎంత మేర అందుతుందో పేరు అంత మేరే చెప్పాలి. పటమట, లబ్బీపేట, భవానీపురం వంటి పేట పేర్లు చుట్టుపక్కలవారికి దగ్గరితనం చూపుతాయి. పని ఊరంతా విస్తరిస్తే ఆ పేరే ఇరుకవుతుంది. గాంధీనగర్ ఒక్క విజయవాడలోనే లేదు, గుజరాత్ రాజధాని పేరూ అదే. అందుకే పక్కన ఊరి పేరు చేర్చక తప్పదు. ‘కృష్ణా’తో చిక్కు ఇంకా ఎక్కువ: నది, దేవుడు, మనిషి, జిల్లా, అన్నిటికీ ఆ పేరుంది. పైగా 2022 ఏప్రిల్ 4న విజయవాడ ఎన్టీఆర్ జిల్లా కేంద్రమైంది. కృష్ణా జిల్లాకు మచిలీపట్నమే కేంద్రం. జిల్లాల హద్దులు మారుతుంటాయి కనుక ఊరి పేరే నమ్మదగినది.

వాడుక పేర్లు, స్పెల్లింగ్

మచిలీపట్నాన్ని జనం బందరంటారు. విజయవాడ మహాత్మా గాంధీ రోడ్డుకూ వాడుకలో బందరు రోడ్డనే పేరు. కాబట్టి ఒక్క ‘బందరు’ ఏ ఊరి దుకాణమో చెప్పదు. రైల్వే కోడ్ బీజెడ్‌ఏలో నేటికీ ఉన్న బెజవాడను ఇంగ్లిష్‌లో కొందరు ‘జెడ్’తో, కొందరు ‘జే’తో రాస్తారు. విజయవాడకు ఇంగ్లిష్‌లో పది అక్షరాలు. ‘వై’ తర్వాతి ‘ఏ’ను వదిలేసి టైప్ చేసేవారుంటారు. ఫోన్‌లో ఒకసారి చెబితే అవతలివారు తప్పు లేకుండా కొట్టగలిగే పేరే మంచి పేరు. వీలైతే రెండో స్పెల్లింగ్ కూడా కొని అసలు సైటుకే మళ్లించాలి.

ఎక్స్‌టెన్షన్లు

డాట్ ఇన్ నిర్వహణ 2005 నుంచి నేషనల్ ఇంటర్నెట్ ఎక్స్ఛేంజ్ ఆఫ్ ఇండియాది. తెలుగు లిపిలోని డాట్ భారత్‌కు 2011లో అంతర్జాతీయ ఆమోదం లభించింది. తెలుగు చిరునామాను అన్ని ఈమెయిల్ సేవలూ, ఆన్‌లైన్ ఫారాలూ తీసుకోవు కనుక ఇంగ్లిష్ పేరుకు తోడుగా ఉంచుకోవడం మేలు.

హక్కులు, నమ్మకం

డొమైన్ ముందు నమోదు చేసుకున్నవారికే దక్కుతుంది. అయినా ఊరి పేరు ఎవరి సొత్తూ కాదు. 1999 ట్రేడ్‌మార్కుల చట్టం 9వ సెక్షన్ ప్రకారం కేవలం స్థలాన్నో సేవ రకాన్నో సూచించే గుర్తుకు మామూలుగా నమోదు దొరకదు. సత్యం ఇన్ఫోవే కేసులో 2004లో సుప్రీంకోర్టు, మంచిపేరు తెచ్చుకున్న డొమైన్‌ను అనుకరణ నుంచి కాపాడవచ్చని తీర్పిచ్చింది. ‘విజయవాడ ప్లంబింగ్’ వంటి పేరుకు ఆ రక్షణ దొరకడం కష్టం; సొంత పేరొకటి జోడిస్తే వ్యాపారం వేరుగా గుర్తుంటుంది.

వెతుకుడు పదాలే డొమైన్‌గా పెట్టుకున్న నాసిరకం సైట్ల ర్యాంకును గూగుల్ 2012 సెప్టెంబరులో తగ్గించింది. మ్యాప్ ఫలితాల్లో ముఖ్యంగా చూసేది అవసరానికి తగిన సేవ, దూరం, ప్రసిద్ధి. కనుక ఊరి పేరు పెట్టుకున్న వ్యాపారికి ఆ ఊళ్లో నిజమైన చిరునామా, పలికే ఫోన్ నంబరు ఉండి తీరాలి.