తోలు డప్పు: నల్లగొండ, పాలమూరు ప్రాంతాల్లో చరిత్ర, సంరక్షణ

డప్పు ఒకవైపు మాత్రమే తోలు బిగించి, రెండు పుల్లలతో వాయించే చట్రపు వాద్యం. తప్పెట, పలక అన్న పేర్లు కూడా తెలుగునాట వాడుకలో ఉన్నాయి. తమిళుల పరై, కన్నడిగుల తమటె, మరాఠీ ప్రాంతపు హల్గీ ఇదే కోవలోవి. కృష్ణ ఒడ్డున నందికొండ నుంచి దేవరకొండ, అచ్చంపేట, కొల్లాపూర్ వైపు సాగే మెట్ట ఊళ్లలో పెళ్లి, జాతర, పీర్ల పండుగ, చావు, ఊరి చాటింపు ఏదైనా డప్పు మోతతోనే మొదలయ్యేది. దాన్ని చేసిందీ, వాయించిందీ మాదిగలు. ఇప్పుడు ఆ ఊళ్లలో ఎక్కువగా వినపడేది ఫైబర్ డప్పు. పాత తోలు డప్పు ఎలా తయారవుతుంది, దాని గొంతు దేనిమీద ఆధారపడుతుంది, దాన్ని కాపాడుకోవడం ఎలా అన్నవి తెలియకుండా దాని చరిత్ర చెప్పుకోవడం కుదరదు. ఎందుకంటే ఈ వాద్యం చరిత్రలో సగం దాని మరమ్మతు చరిత్రే.

నిర్మాణం

చట్రానికి వేప, చింత వంటి గట్టి కట్టె వాడతారు. వెడల్పు సుమారు అడుగున్నర, లోతు మూడు నాలుగు అంగుళాలు. బరువు ఎక్కువైతే పనికిరాదు. పట్టీతో ఎడమ భుజానికి తగిలించుకుని, పొద్దంతా నడుస్తూ, ఎగురుతూ వాయించాల్సిన వస్తువు ఇది.

తోలు మేకది గానీ దూడది గానీ. చెప్పులు కుట్టే తోలును లంద అనే తొట్టిలో తంగేడు చెక్క నీళ్లలో నానబెట్టి పదును చేసేవారు. డప్పు తోలుకు ఆ పదును పెట్టరు. సున్నంలో నానవేసి, వెంట్రుకలు గీకి, లోపలి కండపొర తీసేసి పచ్చితోలుగానే వాడతారు. పదును చేసిన తోలు మెత్తబడి కాలికి హాయినిస్తుంది కానీ మోగదు. పచ్చితోలు ఎండేకొద్దీ ముడుచుకుని బిర్రుగా నిలుస్తుంది, దెబ్బ పడితే తిరిగి పలుకుతుంది. ఒకే పశువు తోలు ఎక్కడ చెప్పు అవుతుందో, ఎక్కడ వాద్యం అవుతుందో తెలిసిన మనిషి చేతిలో రెండు వేర్వేరు శాస్త్రాలు ఉన్నట్టే. దానికి ఎవరూ పట్టా ఇవ్వలేదు.

తడి తోలును చట్రం మీద సాగదీసి, చింతగింజల పిండితో కాచిన జిగురు అంచుకు పట్టిస్తారు. కొన్ని ఊళ్లలో తోలువార్లతో వెనక్కి లాగి కడతారు. ఆ తర్వాత నీడన ఆరనిస్తారు. తొందరపడి మండుటెండలో పెడితే ఒకవైపు ముందుగా బిగిసి, లాగుడు సమంగా ఉండదు. ఆ డప్పు మీద ఎక్కడ కొట్టినా ఒకే తీరు పలుకు రాదు.

కుడిచేతిలో ఉండే సిర్ర పొట్టిగా, లావుగా ఉంటుంది. అది తోలు నడుమ పడి బరువైన మోతనిస్తుంది. ఎడమచేతి సిటికెన పుల్ల సన్నగా, పొడుగ్గా ఉండి అంచు దగ్గర చిటచిటలాడుతుంది. మంద్రమూ తారమూ ఒకే తోలు మీద, ఒకే మనిషి చేతుల్లో కలుస్తాయి. పడమటి దేశాల వాద్యకారులు ఈ పనిని వేరేలా సర్దుకున్నారు. వాళ్లు మంద్రధ్వనిని కాలికి అప్పగించారు. 1909లో షికాగోలో విలియం ఎఫ్. లుడ్విగ్ తన తమ్ముడితో కలిసి కంపెనీ పెట్టి, కాలితో తొక్కే బాస్ డ్రమ్ పెడల్‌ను తయారుచేశాడు. దాంతో ఇద్దరు ముగ్గురు చేసే పని ఒక్కడే కూర్చుని చేయగలిగాడు. మన డప్పుకారుడు కూర్చోడు. అతని కాలికి గజ్జెలుంటాయి, అడుగు పడ్డప్పుడల్లా అదొక దరువు. పక్కన మరో ఐదారుగురు నిలబడితే ఆ మోత ఊరి పొలిమేర దాటుతుంది.

కాపడం

తోలు డప్పుకు శ్రుతి సరిచేసే మరలు లేవు. ఆ పని నిప్పుది. వాయించబోయే ముందు జొన్నచొప్పో, వరిగడ్డో, ఎండుటాకులో కుప్పపోసి మంటపెడతారు. పెద్ద మంట అక్కర్లేదు. డప్పును ఏటవాలుగా పట్టుకుని, వేడి ఒకేచోట నిలవకుండా గుండ్రంగా తిప్పుతారు. మధ్యమధ్యలో తోలును అరచేత్తో రాస్తూ ఎక్కడ ఇంకా చల్లగా ఉందో చూస్తారు. వేళ్లతో ఒకసారి తట్టి వింటారు. మందంగా "దబ్" అంటే మళ్లీ మంట దగ్గరికి తీసుకెళ్తారు, "ఠంగ్" మంటే సిర్ర అందుకుంటారు. అనుభవం లేనివాడు ఎక్కువ కాపితే తోలు పగులుతుంది, తక్కువ కాపితే పావుగంటలో గొంతు పడిపోతుంది.

ఇందులోని సంగతి తేమ. తోలులోని కొల్లాజెన్ పోగులు గాలిలోని నీటిని పీల్చుకుని సాగుతాయి, వేడి తగిలితే నీరు వదిలి ముడుచుకుంటాయి. ఆ ముడుచుకోవడమే బిగువు, ఆ బిగువే స్థాయి. అయితే బాగా తడిసిన తోలును ఒక్కసారిగా మంటకు పట్టకూడదు. తడి తోలు 60 నుంచి 65 డిగ్రీల వేడికే శాశ్వతంగా కుంచించుకుపోతుంది, ఆ తర్వాత ఎంత నానబెట్టినా మొదటి స్థితికి రాదు. వానలో తడిసిన డప్పును ముందు గాలికి ఆరనిచ్చి, ఆ తర్వాతే కాపడం అందుకే.

ఎండాకాలపు పెళ్లిళ్లలో ఒకసారి కాపిన డప్పు చాలాసేపు నిలుస్తుంది. ఆషాఢ, శ్రావణాల్లో బోనాలకు మాత్రం ఊరేగింపు ఆగిన చోటల్లా పక్కన చిన్న మంట వెలగాల్సిందే. పీర్ల పండుగలో అలావ గుండం ఎలాగూ ఉంటుంది కనుక ఆ చింత లేదు. తోలు వాద్యాలున్న ప్రతిచోటా ఈ తిప్పలు ఉన్నవే. 1920ల్లో అమెరికా బ్యాండ్లవాళ్లు దూడతోలు బాస్ డ్రమ్ లోపల విద్యుత్ బల్బు వెలిగించి దాని వేడితో చెమ్మ పోగొట్టేవారు.

చరిత్ర

నందికొండ పక్కనే నాగార్జునకొండ లోయ. మూడు, నాలుగు శతాబ్దాల్లో ఇక్ష్వాకుల రాజధాని విజయపురి అక్కడే ఉండేది. 1926లో ఆ శిథిలాలు వెలుగులోకి వచ్చాయి. 1955 డిసెంబరు 10న నెహ్రూ నాగార్జునసాగర్ ఆనకట్టకు శంకుస్థాపన చేశాడు. లోయ మునగక ముందే 1954 నుంచి 1960 దాకా సాగిన తవ్వకాల్లో దొరికిన కట్టడాలను కొండమీదికీ, అనుపుకూ తరలించి నిలబెట్టారు. ఆ శిల్పాల్లో నర్తకులూ, వాద్యకారులూ ఉన్నారు. అనుపులో మెట్లమెట్లుగా ఆసనాలున్న రంగస్థలం ఉంది. వాటిలో కనిపించే కొలువు వాద్యాలను పట్టుకుని డప్పు చరిత్రను విజయపురి దాకా లాగడం నాకు సమ్మతం కాదు. రాతిలో చెక్కించుకునే స్తోమత ఉన్నవాళ్ల సంగీతం అది. కాకతీయుల కాలంలో జాయప సేనాని 1253-54లో రాసిన నృత్తరత్నావళి దేశి నృత్యాలకు శాస్త్రంలో చోటిచ్చింది. అయినా మాదిగపేటలోని వాద్యం గురించి మనకు గట్టిగా తెలిసేది పుస్తకాల వల్ల కాదు, ఆ పని చేసిన కుటుంబాల వల్లే.

నిజాం పాలనలో, నల్లగొండ పల్లెల్లో డప్పు ఒక కళ కాదు, ఒక విధి. దొర కబురు ఊరికి చాటడం, పటేలు, పట్వారీల పిలుపుకు వెళ్లడం, చావుకు ముందు నడవడం వెట్టిలో భాగం. ప్రతిఫలంగా కల్లంలో కొంత గింజ, చచ్చిన పశువు తోలు. తోలు తీయడం, పదును చేయడం, డప్పు కట్టడం, వాయించడం అన్నీ ఒకే ఇంటి మీద పడేవి. వాటి వల్ల వచ్చిన అంటరానితనం కూడా ఆ ఇంటి మీదే పడింది. పెళ్లి ఊరేగింపుకు ముందు నడిచినవాడు పెళ్లిపందిరి లోపలికి రాలేడు. 1946 నుంచి 1951 దాకా సాగిన తెలంగాణ సాయుధ పోరాటం వెట్టిని కదిలించింది. సుద్దాల హనుమంతు వంటి నల్లగొండ కవులు గొల్లసుద్దుల బాణీలో పాటలు కట్టి ఊరూరా తిరిగారు. వెట్టి పోయినా, చావుకు డప్పు కొట్టాలన్న కులకట్టుబాటు చాలా ఊళ్లలో తర్వాత కూడా మిగిలింది. చదువుకున్న మాదిగ యువకులు కొందరు "ఇక కొట్టం" అని డప్పును పక్కన పెట్టారు. ఆ నిరాకరణను డప్పు చరిత్రలో లోటుగా కాక ఒక మలుపుగా చూడాలి. వాద్యాన్ని ప్రేమించేవాళ్లు దాన్ని మోసిన భుజం మీది బరువును మరిచిపోతే ఆ ప్రేమకు అర్థం లేదు.

ఆ తర్వాత డప్పు మరో దారిన తిరిగొచ్చింది. 1972లో ఏర్పడిన జననాట్య మండలి వేదికల మీద గద్దర్ పాటకు డప్పు తోడైంది. 1994 జూలై 7న ప్రకాశం జిల్లా ఈదుమూడిలో మొదలైన మాదిగ దండోరా ఉద్యమం చాటింపు డప్పునే తన గుర్తుగా నిలబెట్టుకుంది. పిలిస్తే వెళ్లి కొట్టిన వాద్యాన్ని తామే అందరినీ పిలవడానికి కొట్టడం ఇక్కడ కొత్త. తెలంగాణ ఉద్యమపు ధూంధాం సభల్లో డప్పు లేని వేదిక ఉండేది కాదు.

జాతరల్లో పాత బంధాలు ఇంకా కనిపిస్తాయి. పాలమూరు జిల్లా చిన్నచింతకుంట మండలంలోని కురుమూర్తి జాతరకు వడ్డెమాన్ దళితులు స్వామికి తోలు ఉద్దాలు (పాదుకలు) కుట్టి, ఊరేగింపుగా పంపుతారు. దీపావళి తర్వాత జరిగే ఆ ఉద్దాల ఉత్సవం చూడటానికి చుట్టుపక్కల జిల్లాల నుంచి జనం వస్తారు. సూర్యాపేట దగ్గర దురాజ్‌పల్లి పెద్దగట్టుపై రెండేళ్లకోసారి జరిగే లింగమంతుల స్వామి జాతరలో యాదవులు గజ్జెల లాగులు తొడిగి, భేరీలు మోగిస్తూ గట్టెక్కుతారు.

ఫైబర్ డప్పు

అమెరికాలో 1956లో చిక్ ఎవాన్స్, 1957లో రెమో బెల్లీ డ్యుపాంట్ కంపెనీ మైలార్ అనే పాలియెస్టర్ పొరతో డ్రమ్ముల ముఖాలు తయారుచేసి అమ్మకానికి పెట్టారు. పదేళ్లు తిరిగేసరికి అక్కడ దూడతోలు దాదాపు కనుమరుగైంది. ఆ మార్పు తెలంగాణ పల్లెలకు ఆలస్యంగా వచ్చింది. ఫైబర్ డప్పు అంటే ఇనుప రింగుకు బోల్టులతో బిగించిన ప్లాస్టిక్ ముఖం, పానాతో తిప్పితే వచ్చే బిగువు. వానకు తడవదు, మంట అక్కర్లేదు, ఎలుక కొరకదు. పొద్దున పెళ్లి, సాయంత్రం సభ చూసుకునే బృందాలకు అది బతుకుతెరువు, దాన్ని తప్పుపట్టలేం. కానీ దాని మోత పదునుగా లేచి వెంటనే ఆగిపోతుంది. మేకతోలు కొట్టగానే కొద్దిగా లోపలికి ఒదిగి, ఆ తర్వాత పలుకుతుంది. ఆ క్షణకాలపు ఆలస్యంలోనే సిర్ర దెబ్బకు బరువు వస్తుంది. రెండింటినీ ఒకదాని తర్వాత ఒకటి వింటే ఎవరికైనా తేడా తెలుస్తుంది.

పాత డప్పును కాపాడటం

పాత డప్పులో అసలు విలువ చట్రానిది. తోలు అరుగుతుంది, చిరుగుతుంది, మారుతుంది. ఒకే చట్రం మీద ఎన్నో తోళ్లు మారి ఉంటాయి. అందుకని ముందు చట్రం చూడాలి. కీలు వదులైందా, పురుగు తొలిచిందా, పట్టీ వేసిన చోట పగిలిందా అని. పురుగు రంధ్రాల నుంచి సన్నని పొడి రాలుతుంటే పురుగు ఇంకా లోపలే ఉన్నట్టు. చట్రానికి వార్నిష్ పూయడం, మెరిసే రంగు వేయడం మంచిది కాదు. భుజానికి రాసుకుని నునుపుదేరిన అంచు, సిటికెన పుల్ల తగిలిన గీతలు ఆ డప్పును ఎవరు ఎలా వాయించారో చెప్పే ఆధారాలు.

తోలుకు నూనె రాయకూడదు. చెప్పుకు మంచిదైన నూనె డప్పును మూగబోయేలా చేస్తుంది. పచ్చితోలూ, చింతగింజల జిగురూ ఎలుకలకూ పురుగులకూ ఆహారమే కనుక నేలమీద పెట్టకుండా గాలి తగిలే చోట వేలాడదీయాలి. ప్లాస్టిక్ సంచిలో కడితే లోపల చెమ్మ చేరి బూజు పడుతుంది. వాడుకలో ఉన్న డప్పును అప్పుడప్పుడు కాపి వాయిస్తేనే తోలు సమంగా ఉంటుంది. ప్రదర్శనశాలలో పెట్టే డప్పును మాత్రం నిప్పుకు చూపకూడదు. అక్కడ గాలిలో తేమ 50 శాతం దగ్గర నిలకడగా ఉంచితే చాలు. హెచ్చుతగ్గులే తోలును చీలుస్తాయి.

తోలు మార్చాల్సి వస్తే పాత తోలును పారేయకుండా, ఏ ఊరిలో ఎవరు కట్టారో రాసి చట్రంతోపాటు దాచాలి. కట్టిన చేతి పేరు లేని డప్పులే మన దగ్గర ఎక్కువగా మిగిలాయి. కబేళాల తోళ్లు టోకున వ్యాపారులకు పోతున్నాయి. లందలు మూతపడ్డాయి. డప్పుకు పనికొచ్చే పలుచని మేకతోలును ఏరి తెచ్చి, కట్టి ఇవ్వగలిగినవాళ్లు ఇప్పుడు ఎక్కువగా పెద్ద వయసువాళ్లే. పాత డప్పు దొరికినవాళ్లు దాన్ని గోడకు తగిలించే ముందు అలాంటి మనిషి ఒకరిని వెతికి, కూలి ఇచ్చి, ఆయన తోలు కడుతుండగా పక్కన కూర్చుని, ఆయన పేరుతో సహా ఆ పనినంతా నమోదు చేయాలి.