కంప్యూటరు లెక్కలో ధాత కరువు

తుమ్మలపల్లె పేరు చెప్పగానే నేడు యురేనియము గుర్తుకు వచ్చును. కడప జిల్లా పులివెందుల ప్రాంతములోని ఈ గ్రామమున 2012లో గని ప్రారంభమైనది. యురేనియము-238 పరమాణువులలో సగము విఘటనము చెందుటకు సుమారు 450 కోట్ల సంవత్సరములు పట్టును. ఏ సంవత్సరము చూచినను తరుగుదల రేటు ఒక్కటే. ఆ సమీకరణములోనే గుర్తు మార్చినచో జనసంఖ్య పెరుగుదల వచ్చును! 1798లో ఇంగ్లండులో మాల్థస్ చెప్పిన గుణశ్రేఢి అదియే. అయితే పరమాణువుకు కరువు లేదు, మనుష్యులకు కలదు.

కంప్యూటరుకు ఈ లెక్క మిక్కిలి తేలిక. నిరుటి జనసంఖ్యకు జననములను కలిపి, మరణములను తీసివేసి, వచ్చిన సంఖ్యతో మరల మొదలుపెట్టవలెనని ఆజ్ఞ ఇచ్చిన చాలును. ఏటా నూటికి ఒకరు చొప్పున పెరుగు జనము సుమారు 70 ఏండ్లలో రెట్టింపగును.

1871 జనాభా లెక్కలలో కడప జిల్లాయందు సుమారు 13 లక్షల 51 వేలమంది ఉండిరి. నూటికి ఒకటి చొప్పున పెరుగుదురని ఊహించినచో, 1881 నాటికి 14 లక్షల 92 వేలు కావలెను. తీరా లెక్కకు వచ్చినవారు సుమారు 11 లక్షల 21 వేలు! నడుమ వచ్చినది 1876-78 నాటి కరువు. ధాత నామ సంవత్సరములో మొదలగుటచే జనులు దానిని ధాత కరువనిరి. ఈ 3 లక్షల 71 వేల తేడా అంతయు చావులే యనరాదు. వలసపోయినవారును, కరువువల్ల అసలు పుట్టనే పుట్టని బిడ్డలును ఇందులో కలరు. పుట్టనివారిని ఏ కరణమును తన చిట్టాలో వ్రాయలేడు. అట్టివారి జాడ తెలియుటకు ఇట్టి ఊహాలెక్కయే ఆధారము.

1891 నాటికి జనము 12 లక్షల 72 వేలైనది. అనగా ఏటా నూటికి 1.27 పెరుగుదల. ఆ రేటునే నమ్మి నడిపినచో కంప్యూటరు 1901కి 14 లక్షల 43 వేలు చూపును. నిజముగా ఉన్నవారు 12 లక్షల 91 వేలే. ఆ నడుమ 1896-97లో మరల కరువు వచ్చినది.

జనము ఒక హద్దును సమీపించుకొలది పెరుగుదల మందగించునని బెల్జియము గణితజ్ఞుడు వెర్‌హుల్స్ట్ 1838లో చూపెను. కాని వానమీద ఆధారపడిన సీమలో ఆ హద్దు నిలకడగా ఉండదు. కనుక కరువు సంవత్సరములకు జనన మరణముల రేట్లను వేరుగా ఇచ్చుట మేలు.

ఈ అభ్యాసమును విద్యార్థులచే చేయించునపుడు 1901 వద్ద ఆపుట మంచిది. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినపుడు మదనపల్లె, వాయల్పాడు తాలూకాలు కడపనుండి అందులోనికి పోయినవి. ఈ సంగతి చెప్పనిచో, పొలిమేర మారిన జనమునంతటిని కంప్యూటరు చనిపోయినవారి క్రింద జమకట్టును.