రానివాడికొక గడి

హాజరుపట్టీ అనగానే మన తరంవారికి గళ్ళ పుస్తకమూ, ఎర్రసిరా కలమూ తలపునకు వస్తాయి. ఆ ఎర్రసిరా వయస్సు మూడువేల రెండువందల యేళ్ళ పైమాటే. బ్రిటిష్ మ్యూజియంలో ఒక సున్నపురాతి పలక ఉన్నది. ఈజిప్టులో రాజుల సమాధులను తొలిచిన పనివారు నివసించిన డెయిర్ ఎల్ మెదీనా గ్రామానిది. క్రీ.పూ. 13వ శతాబ్దిలో, రెండవ రామసేస్ యేలుబడి 40వ యేట, ఒక లేఖకుడు దానిపై 40 మంది పేర్లు వరుసగా వ్రాశాడు. ప్రతి పేరు ప్రక్కన ఆ మనిషి పనికి రాని తేదీలు నల్లసిరాతోనూ, ఆ తేదీల పైన కారణాలు ఎర్రసిరాతోనూ ఉన్నాయి. మొత్తం 280 రోజుల లెక్క.

కారణాలు చదువుతుంటే మన ఊరి మనుషులే కనబడతారు. ఒకనికి కళ్ళజబ్బు. మరొకణ్ణి తేలు కుట్టింది. ఒకని తల్లికి సుస్తీ. ఇంకొకడు బీరు కాచే పనిలో ఉన్నాడు. ఇంట్లో ఆడవారు బయట ఉండటం కూడా కారణంగా ఎక్కింది! కొందరు పై అధికారి పనిమీద ఉన్నారట. ఆ లేఖకుడు వచ్చినవారిని వ్రాయలేదు సుమండీ, రానివారిని వ్రాశాడు.

1888లో న్యూయార్కు రాష్ట్రంలోని ఆబర్న్‌లో విల్లర్డ్ బండీ అనే నగల వ్యాపారి దీనిని తలక్రిందులు చేశాడు. ప్రతి పనివానికీ అంకె వేసిన తాళంచెవి ఉంటుంది. దానిని గడియారంలో పెట్టి త్రిప్పితే ఆ అంకె, వేళ కాగితపు పట్టీపై అచ్చవుతాయి. గుమాస్తా దయాదాక్షిణ్యాలతో నిమిత్తం లేని లెక్క వచ్చింది, అది మేలే. కాని రానివాని విషయంలో ఆ యంత్రం మూగది. పట్టీపై ఏమీ పడదు, అంతే.

ఇటువంటి గడియారాల సంస్థ, 1890 అమెరికా జనగణనకు చిల్లుల కార్డులను వాడిన హోలరిత్ సంస్థ 1911లో ఒకే గొడుగు క్రిందికి వచ్చాయి. 1924లో దానికి ఐబిఎమ్ అని పేరు మార్చారు. అక్కడ పనిచేసిన కాడ్ 1970లో ప్రకటించిన సిద్ధాంతమే నేటి పట్టికల డేటాబేసులకు పునాది. హాజరు గడియారమూ డేటాబేసూ ఒకే ఇంటి బిడ్డలన్నమాట.

ఈనాడు పనిగంటల ఫారం రూపొందించేవారు పేర్లను ఒక పట్టికలోనూ, ఉద్యోగి సంఖ్య, వచ్చిన వేళ, వెళ్ళిన వేళ మరొక దానిలోనూ పెడతారు. వేళతోపాటు తేదీ కూడా ఉండాలి. లేకుంటే రాత్రి 10కి వచ్చి ఉదయం 6కి వెళ్ళినవాని ఎనిమిది గంటలు ఋణ పదహారు అవుతాయి. ఇది దిద్దుకోగలిగిన లోపం. అసలు చిక్కు బండీ గడియారపు మౌనం ఇక్కడికీ రావడం. సెలవు పెట్టినవాడు, వారపు సెలవులో ఉన్నవాడు, గుర్తు వేయడం మరచినవాడు, అధికారి పంపగా వేరొకచోట పనిచేసినవాడు, నలుగురికీ పట్టికలో వరుస ఉండదు. జీతం లెక్కలో నలుగురూ సున్నాలే. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం వారానికి 48 గంటలు దాటితే రెట్టింపు కూలి ఇమ్మన్నది. ఎన్ని గంటలు చేశాడో చెప్పడానికి రుజువు పట్టికే కదా?

బడిలో మా హాజరుపట్టీలోనూ కారణానికి గడి లేదు. వరికోతల రోజుల్లో రాని పిల్లలకూ, జ్వరంతో పడుకున్న పిల్లలకూ ఒకే గుర్తు. నెలాఖరున శాతం కట్టేటప్పుడు ఆ తేడా ఎవరి కంటికీ ఆనదు.

అందుచేత ఫారం చేసేవారు ప్రతి ఉద్యోగికీ ప్రతి పనిదినానికీ ముందే ఒక వరుస సృష్టించి ఉంచాలి. అపుడు ఖాళీ కంటబడి, కారణం అడుగుతుంది. దిద్దుబాటు జరిగితే పాత అంకె చెరపకుండా, ఎవరు ఎప్పుడు మార్చారో ప్రక్కన నిలపాలి. కారణాల జాబితాలో "పై అధికారి పనిమీద" అన్నది తప్పక ఉండాలి. చివర "ఇతరములు" అని సరిపెట్టేస్తే తేలు కుట్టినవాడూ బీరు కాచినవాడూ ఒకే గడిలో పడతారు కనుక, దాని ప్రక్కన నాలుగు మాటలు వ్రాసేంత చోటు వదలమంటాను.