నల్లమందు: సర్కారు రిజిస్టరులో మనిషి

తెలుగులో 'మందు' అన్న మాట వింతైనది. రోగం కుదిర్చేదీ మందే, మత్తెక్కించేదీ మందే. నల్లమందు విషయంలో ఈ రెండర్థాలూ ఒకే పదార్థంలో ఇమిడి ఉన్నాయి. గసగసాల మొక్క పచ్చికాయకు గాట్లు పెట్టి, కారిన పాలను గీకి ఆరబెడితే వచ్చే ఈ ముద్దను మన పెద్దలు అతిసారానికీ, కీళ్ల నొప్పులకూ, చలిజ్వరానికీ వాడారు. అతిగా మరిగి జోగుతూ కూర్చున్నవాణ్ణి చూసి నవ్వుకున్నారు కూడా. వైద్యుని సంచిలోని ఈ వస్తువు ప్రభుత్వ ఖజానాకు ఆదాయమైన తరువాత, దానిని తినే మనిషిని సర్కారు రిజిస్టర్లు ఏ పద్దు కింద రాసుకుంటూ వచ్చాయన్నది పరిశీలించదగిన విషయం. పద్దు మారినప్పుడల్లా ఆ మనిషి బతుకూ మారింది.

1773లో వారన్ హేస్టింగ్స్ బెంగాలు, బీహారు ప్రాంతాల నల్లమందును కంపెనీ గుత్తాధిపత్యం కిందికి తెచ్చాడు. రైతుకు ముందుగా బయానా ఇవ్వడం, పంటనంతటినీ తాను నిర్ణయించిన ధరకే తీసుకోవడం, పాట్నా, ఘాజీపూర్ కర్మాగారాలలో ముద్దలు చేసి పెట్టెలకెత్తించడం, కలకత్తాలో వేలం వేయడం – ఇదీ ఏర్పాటు. చైనా చక్రవర్తులు నిషేధించిన సరుకు గనుక కంపెనీ దానిని తన ఓడలలో తీసుకుపోయేది కాదు. ప్రైవేటు వర్తకులు తీసుకుపోయేవారు. వేలం పాట ముగియడంతో కంపెనీ తన బాధ్యత తీరిందనుకునేది. 1839-42లోనూ, 1856-60లోనూ చైనాపై జరిగిన యుద్ధాలకు ఈ వ్యాపారమే ముఖ్య నేపథ్యం. స్వదేశంలో 1857, 1878 చట్టాలు సాగును, అమ్మకాన్ని లైసెన్సుల చట్రంలో బిగించాయి. అబ్కారీ లెక్కలలో దుకాణాల వివరాలుండేవి, అమ్ముడుపోయిన సేర్లుండేవి, సర్కారుకు ముట్టిన రూపాయలుండేవి. తినేవాడు అక్కడ కేవలం కొనుగోలుదారు.

ఇంగ్లండులో నల్లమందు వ్యతిరేకుల ఒత్తిడి పెరగడంతో 1893లో లార్డ్ బ్రాసీ అధ్యక్షతన రాయల్ కమిషన్ ఏర్పడింది. దర్భంగా మహారాజు లక్ష్మీశ్వర్ సింగ్, జునాగఢ్ దివాను హరిదాస్ విహారీదాస్ దేశాయి అందులోని భారతీయ సభ్యులు. ఏడు వందల మందికి పైగా సాక్షులను విచారించి, 1895లో ఏడు సంపుటాల నివేదిక వెలువరించారు. భారతీయులు నల్లమందును చాలావరకు మితంగానే వాడుతున్నారనీ, నిషేధం అవసరం లేదనీ దాని సారాంశం. హెన్రీ విల్సన్ అనే సభ్యుడు మాత్రం విభేదించి వేరుగా తన అభిప్రాయం రాశాడు. ఇంత బృహత్ గ్రంథంలో ఖజానాకు కలిగే నష్టం గురించి ఉన్నంత శ్రద్ధ, మానలేక నలిగిపోయిన కుటుంబం గురించి కనబడదు. అయినా కమిషన్ మాటలన్నీ కట్టుకథలని కొట్టివేయడం కూడా చరిత్రకు న్యాయం కాదు. కొద్దిపాటి మోతాదుతో జీవితమంతా పొలం పని చేసుకున్నవారు నిజంగానే ఉండేవారు.

మద్రాసు రాజధానిలో నల్లమందు వాడకం ఎక్కువగా ఉన్నది మన గోదావరి, విశాఖపట్నం జిల్లాలలోనే. మన్యపు జ్వరాన్ని అది దగ్గరకు రానివ్వదని అక్కడివారి గట్టి నమ్మకం. మలేరియాకు అసలు మందైన క్వినైను పొట్లాలను పోస్టాఫీసులలో చిల్లర డబ్బులకు అమ్మడం బెంగాలులో 1892లో మొదలైంది. కానీ పోస్టాఫీసే లేని కొండపల్లెకు పొట్లం ఎలా చేరుతుంది? వైద్యుడు వెళ్లని చోటికి నల్లమందు వెళ్లింది. దానిని వ్యసనమని నిందించే ముందు, ఆ మన్యంలో ఆసుపత్రి ఎంత దూరాన ఉండేదో తలచుకోవాలి.

ఈ ప్రశ్నను సూటిగా ఎదుర్కొన్న ప్రాంతం అస్సాం. 1860లో ప్రభుత్వం అక్కడి ప్రైవేటు గసగసాల సాగును నిషేధించి, తన సరుకును తానే అమ్మసాగింది. అలవాటు పోలేదు, ఖర్చు మాత్రం పెరిగింది. 1921లో గాంధీజీ అస్సాం పర్యటన తరువాత సహాయ నిరాకరణ వాలంటీర్లు ఊరూరా తిరిగి నల్లమందు మాన్పించే పని చేపట్టారు. అమ్మకాలు స్పష్టంగా పడిపోయాయి; వాలంటీర్లు పెద్ద సంఖ్యలో జైళ్లకు వెళ్లారు. తరువాత కులధర్ చలిహా అధ్యక్షతన కాంగ్రెసు నియమించిన విచారణ సంఘం, సి. ఎఫ్. ఆండ్రూస్ తోడ్పాటుతో 1925లో నివేదిక ఇచ్చింది. నలభై ఏళ్లు దాటి అలవాటు ముదిరినవారు ఒక్కసారిగా మానలేరు గనుక వారికి ప్రత్యేక ఏర్పాటు ఉండాలనీ, అంతకు లోపు వయసువారిని వైద్యుల పర్యవేక్షణలో రోగులుగా చూడాలనీ ఆ సంఘం సూచించింది. నల్లమందు తినేవాడు కొనుగోలుదారూ కాదు, పాపీ కాదు, రోగి అని మన దేశంలో ఒక ప్రజాసంస్థ ఇంత విస్పష్టంగా రాయడం విశేషం. అధికారం చేతిలో లేనివారు రాసిన మాట కావడం మరింత గమనార్హం.

స్వాతంత్ర్యానంతరం ఆ మాటలో కొంత భాగం ప్రభుత్వ విధానంగా మారింది. మత్తు పానీయాలను, ఆరోగ్యానికి హాని చేసే మత్తు పదార్థాలను నిషేధించడానికి కృషి చేయాలని రాజ్యాంగం 47వ అధికరణం నిర్దేశించింది. వైద్యేతర వాడకాన్ని పదేళ్లలో అంతమొందించాలని 1949లో అఖిల భారత నల్లమందు సదస్సు తీర్మానించింది. రాష్ట్రాలకిచ్చే కోటాను ఏటేటా తగ్గించుకుంటూ వచ్చి, 1959 ఏప్రిల్ 1 నుంచి నిషేధం అమలు చేశారు. పేరు నమోదైన అలవాటుదారుకు వైద్య ధ్రువీకరణపై కొద్దిపాటి కోటా కొనసాగింది. రిజిస్టరులో మనిషికి పేరు దొరికింది. అయితే కోటా తగ్గినంత క్రమంగా చికిత్సాలయాలు పెరగలేదు.

చట్టం ఒక తేదీన అమలవుతుంది. ఆచారం అలా పోదు. మార్వాడ ప్రాంతంలో పెళ్లికైనా, చావుకైనా, పాత పగలు తీర్చుకుని రాజీపడడానికైనా నల్లమందు నీటిని అరచేతిలో పోసి ఇవ్వడం మర్యాద. కాదనడం అవమానించడమే. జోధ్‌పూర్ సమీపంలోని మాణక్‌లావ్ గ్రామంలో నారాయణ్ సింగ్ 1970వ దశకం చివర ప్రారంభించిన శిబిరాల బలం ఈ విషయం గ్రహించడంలోనే ఉంది. ఒంటరిగా ఆసుపత్రి మంచం మీద కాక, తోటివారి మధ్య మాన్పించారు. పదిమందిలో పుట్టిన అలవాటును పదిమందిలోనే వదిలించారన్నమాట. గసగసాల కాయ పొట్టు అయిన 'డోడా' అమ్మకాన్ని రాజస్థాన్ ప్రభుత్వం 2016లో పూర్తిగా ఆపినప్పుడు కూడా, పర్మిట్లు ఉన్నవారి కోసం 'నయా సవేరా' పేరుతో శిబిరాలు నడిపింది.

1980వ దశకంలో హెరాయిన్ నగరాలలోకి ప్రవేశించడంతో దృశ్యం మారింది. 1985 నవంబరు 14న అమలులోకి వచ్చిన మత్తు పదార్థాల చట్టం, 1989 సవరణతో మరింత కఠినమై, బెయిలు దొరకడం దుర్లభమైంది. రవాణా ముఠా నాయకుడినీ, జేబులో చిటికెడు పొడి ఉన్నవాడినీ వేరు చేసే మెట్లు 2001 సవరణతో గాని ఏర్పడలేదు. హెరాయిన్‌కు 5 గ్రాముల వరకు స్వల్ప పరిమాణం, 250 గ్రాములు మించితే వాణిజ్య పరిమాణం. గంజాయికి ఇవి 1 కిలో, 20 కిలోలు. ఈ కాఠిన్యపు దెబ్బ ఎవరూ ఊహించని చోట తగిలింది. చట్టబద్ధంగా నల్లమందు పండించే దేశంలోనే, లైసెన్సుల చిక్కుల వల్ల, క్యాన్సరు రోగులకు నొప్పి తగ్గించే మార్ఫిన్ దొరకడం గగనమైంది. 2014లో చట్టాన్ని మళ్లీ సవరించి ఆ చిక్కులను కొంత సడలించవలసి వచ్చింది. నిషేధపు కలం రాసిన గీత, వైద్యుని చేతికి అడ్డుపడిన ఉదంతమిది.

ఒకప్పుడు జ్వరానికి నల్లమందు తిన్న విశాఖ మన్యం ఇటీవలి కాలంలో గంజాయి సాగు వల్ల వార్తలకెక్కింది. 2021లో పోలీసులు 'ఆపరేషన్ పరివర్తన' పేరుతో వేల ఎకరాల తోటలను ధ్వంసం చేశారు. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి సమీపంలో సుమారు 2 లక్షల కిలోల గంజాయిని తగులబెట్టారు. మంటలు ఫొటోలలో బాగా కనిపించాయి. మోసుకెళ్లడానికి కూలి తీసుకుని పట్టుబడినవాడి కథ ఫొటోకెక్కదు. అది కేసు డైరీలో ఉంటుంది.

స్వల్ప పరిమాణంతో పట్టుబడినా, మాదకద్రవ్యం వాడినా, స్వచ్ఛందంగా చికిత్స కోరి పూర్తి చేసుకున్న వ్యసనపరుణ్ణి ఆ నేరానికి శిక్షింపజేయరాదని ఇదే చట్టంలోని 64ఎ సెక్షను చెబుతోంది. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 కూడా మత్తు పదార్థాల వల్ల కలిగే రుగ్మతలను తన పరిధిలోకి తీసుకుంది. 2019లో వెలువడిన జాతీయ సర్వేలో, నిషిద్ధ మాదకద్రవ్యాలకు బానిసలైనవారిలో ఆసుపత్రిలో చేరి చికిత్స పొందినవారు ఇరవై మందిలో ఒకరు.