రాయి పుట్టని నేలలో శిల్పం

ఆత్రేయపురంలో బావి తవ్వితే ఒండ్రు, ఇసుక పడతాయి గానీ రాయి తగలదు. గోదావరి పాయలైన గౌతమికీ వశిష్టకీ నడుమ ఉన్న నేలంతా నది తెచ్చి పోసిందే. రాయి కావాలంటే ధవళేశ్వరం గుట్టలకో, పంగిడి నల్లరాతి వైపుకో పోవాలి. ఇలాంటి చోట పూర్వులు ఏం కట్టారు, దేంతో కట్టారు అని చూస్తుంటే నాకు మెక్సికో గల్ఫ్ తీరపు ఓల్మెక్కులు గుర్తొస్తారు. క్రీ.పూ. 900–400 మధ్య వెలిగిన వాళ్ల లా వెంటా కూడా బురద నేలల ఊరే. 30 మీటర్లు దాటిన పిరమిడ్‌ను మట్టితోనే పోశారు. రాయిని మాత్రం దూరాన ఉన్న తుశ్త్లా కొండల నుంచి, బండీ ఎద్దూ లేకుండా తెచ్చి, మనిషి ఎత్తును మించిన తలలు చెక్కారు. కట్టుబడికి మట్టి, మూర్తికి రాయి. మన డెల్టాలోనూ మొదట్లో జరిగింది దాదాపు ఇదే.

కొండ ఉన్నచోట సంగతి వేరు. మెట్టలో గుంటుపల్లి ఉంది. క్రీ.పూ. రెండో శతాబ్దం నాటి అక్కడి గుండ్రటి చైత్యంలోకి వెళ్లి తలెత్తి చూడండి. పైకప్పు నిండా రాతిలో తొలిచిన వాసాలే. అవి మోసే బరువేమీ లేదు. కర్ర ఇళ్లకు అలవాటుపడిన చేతులు రాతిలోనూ కర్రపనే చేశాయి. ఆ కర్ర ఇళ్లన్నీ ఎప్పుడో చెదలపాలయ్యాయి.

సముద్రం వైపు దిగితే కోనసీమలో, వైనతేయ పాయ దగ్గర, ఆదుర్రు స్తూపం. పైభాగం పోగా మిగిలిన ఇటుక పునాది బండి చక్రంలా ఉంటుంది: నడుమ కుంభి, చుట్టూ ఆకులు, సందుల్లో మట్టి కూరడం. ఇటుక కలిసొస్తుంది, మట్టి జారకుండా ఆకులు పట్టి ఉంచుతాయి. కృష్ణా డెల్టాలోని ఘంటసాలలోనూ ఇదే పద్ధతి. మెత్తటి నేల తెలిసిన మేస్త్రీల తెలివి అది.

గోడలు కూడా రాతితో లేవడానికి వేంగి చాళుక్యుల డబ్బు కావలసి వచ్చింది. గుణగ విజయాదిత్యుడి కాలంలో (849–892) బిక్కవోలు గుళ్లు లేచాయి. ఊళ్లో కొన్ని, చేలల్లో కొన్ని. గోడ గూళ్ల మీద మకర తోరణాలు, పైన అంతస్తు మీద అంతస్తుగా చిన్నదవుతూ పోయే విమానం. సరిగ్గా ఆ రోజుల్లోనే, 869లో, మాయా నగరం తికాల్‌లో తేదీ చెక్కిన ఆఖరి శిల నిలబడింది. అక్కడ చెయ్యి ఆగిపోతుంటే ఇక్కడ ఊపందుకుంది. చాళుక్య భీముడు సామర్లకోటలో రెండంతస్తుల గుడి కట్టించాడు. తెల్లటి శివలింగం కింది గదిలో మొదలై పై అంతస్తులోకి లేస్తుంది. అభిషేకం పైన, పాదాలు కింద. ద్రాక్షారామంలోనూ అదే తీరు. అక్కడి రాళ్ల మీదైతే శాసనాలు వందల్లో ఉన్నాయి. తర్వాతి రాజులకు ఆ గోడలే దస్తావేజులు.

ఇక ఆత్రేయపురం మండలంలోనే ఉన్న ర్యాలి. అక్కడి గుడిని పదకొండో శతాబ్దంలో విక్రమదేవుడు కట్టించాడంటారు. గుడి కన్నా మూర్తి గొప్పది. ఒకే నల్లరాయి: ముందు శంఖచక్రాల కేశవస్వామి, చుట్టూ తోరణంలో దశావతారాలు, వెనక జగన్మోహిని. వెనక్కి వెళ్లి చూస్తే కొప్పు ముడి, చీర కుచ్చు, ఆఖరికి పిక్క మీద పుట్టుమచ్చ కూడా చెక్కాడు ఆ శిల్పి. గర్భగుడి చీకట్లో ఎవరు చూస్తారని అనుకోలేదు మహానుభావుడు. నా లెక్కలో డెల్టా శిల్పానికి ఇదే శిఖరం. బిక్కవోలు వాళ్లు కోప్పడినా సరే.

మళ్లీ ఓల్మెక్కుల లా వెంటా దగ్గరికొస్తే, దాని అడుగున చమురు పడింది. బావుల తాకిడికి భయపడి కవి కార్లోస్ పెయిసెర్ అక్కడి శిల్పాలను తరలించి, 1958లో విల్యఎర్మోసా పట్నంలో తోటగా నిలబెట్టాడు. మన చమురూ అంత దూరంలో లేదు. 1995లో గ్యాస్ బావి ఎగదన్ని (బ్లోఔట్) మండిపోయిన పాశర్లపూడిదీ ఆదుర్రుదీ ఒకటే మండలం. కాకపోతే మనం చమురు కన్నా ముందు భయపడాల్సింది పాత గోడ కనిపిస్తే రంగు పూసే ఉబలాటానికి.

పూతరేకుల కోసం ఆత్రేయపురం వచ్చేవాళ్లు డబ్బా కట్టించుకుని తిరుగుముఖం పట్టకుండా ర్యాలి కూడా వెళ్లండి. ముందు నుంచే దండం పెట్టుకుని వచ్చేయకండి, స్వామి వెనక వైపు చూపించమని అర్చకుల్ని అడగండి.